సందేహం వస్తే రక్షణ పోయినట్టేనా? పిల్లలకు వాక్యం చెప్పడం మానేయాలా?

ప్రశ్న అడిగిన అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. గుంటూరు దగ్గర పల్లెటూరు, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. పుట్టింది మొదలు సంఘంలోనే పెరిగారు, ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలు చెబుతారు. బాబాయికి క్యాన్సరు వస్తే ఇంటిల్లిపాదీ ఉపవాసాలుండి ప్రార్థించారు. స్వస్థత ఖాయమని బయటి నుంచి వచ్చిన ఒక సేవకుడు ప్రవచనం చెప్పారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో బాబాయి తీసిన వాగ్దాన కార్డులో (కొత్త ఏడాదికి దేవుని మాటగా ఒక్కొక్కరూ పళ్లెంలోంచి తీసుకునే బైబిలు వచనం కార్డు) 'నేను చావను, సజీవుడనై యెహోవా క్రియలు వివరించెదను' అన్న 118వ కీర్తన మాట వచ్చింది. మార్చిలో ఆయన పోయారు. ఆ దుఃఖంలో ఉండగానే, మార్కు సువార్త చివరి వచనాలు పాత చేతివ్రాత ప్రతుల్లో లేవని ఎక్కడో చదివారు. ఇప్పుడు ప్రార్థనకు మోకరిస్తే గోడకు చెప్పుకుంటున్నట్టు ఉందట. నా రక్షణ పోయిందా, ఇది క్షమాపణ లేని పాపమా, పిల్లలకు చెప్పడం మానేయాలా, అమ్మకు చెప్పాలా, ఆ కార్డు చించేస్తే తప్పా అని అడుగుతున్నారు.

అమ్మా, వందనాలు. ముందు జవాబు చెప్పి, కారణాలు తరువాత చెబుతాను. మీ రక్షణ పోలేదు. సందేహం పాపం కాదు. క్షమాపణ లేని పాపం మీరు చేయలేదు. మీరు వెంటనే మానుకోవలసింది ఒక్కటే ఉంది: లేని నమ్మకాన్ని ఉన్నట్టు నటించడం. మిగతావి తేల్చుకోవడానికి తొందర లేదు.

నేను ముప్పై నాలుగేళ్లు కోస్తా జిల్లాల్లో కాపరిగా చేశాను. అందులో ఆరేళ్లు ఆసుపత్రిలో రోగుల దగ్గర. మీలాంటి ప్రశ్నతో వచ్చినవాళ్లు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి మాట్లాడేవారు, ఏదో దొంగతనం చేసినట్టు. మీరు నలుగురిలో అడిగారు. అది మంచి పని.

క్షమాపణ లేని పాపం సంగతి ముందు ముగిద్దాం, ఎందుకంటే నిద్ర పట్టనివ్వనిది అదే. మార్కు 3వ అధ్యాయం తీసి చూడండి. యెరూషలేము నుంచి వచ్చిన శాస్త్రులు, కళ్లెదుట మనుషులు బాగుపడుతుంటే చూసి కూడా, ఇది దయ్యాల అధిపతి పని అన్నారు. పరిశుద్ధాత్మను దూషించినవాడికి క్షమాపణ లేదని యేసు అన్న మాట వాళ్లను గురించి అన్నదేనని 30వ వచనం విడమరచి చెబుతుంది. ఆ పాపం చేశానేమోనని ఏడ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ శాస్త్రులు మాత్రం ఏడ్చినట్టు ఎక్కడా లేదు.

ఇక సందేహం. బాప్తిస్మమిచ్చు యోహాను యేసును వేలు పెట్టి చూపినవాడు. చెరసాలలో పడ్డాక ఆయనే శిష్యులను పంపి, రాబోవువాడవు నీవేనా, ఇంకొకరి కోసం చూడాలా అని అడిగించాడు. యేసు కోపగించుకోలేదు. వాళ్లు వెళ్లిన తరువాత యోహానును పొగిడాడు కూడా. మత్తయి సువార్త చివరి పుటలో, లేచిన ప్రభువును కళ్లారా చూసి మ్రొక్కినవాళ్లలోనే 'కొందరు సందేహించిరి' అని ఉంది. ఆ కొందరిని పక్కకు తీసి నిలబెట్టలేదు, వెళ్లి శిష్యులను చేయమన్న ఆజ్ఞ అందరితో పాటు వాళ్లకూ ఇచ్చాడు. మీకు ఎవరో ఒకరు యాకోబు పత్రిక చూపిస్తారు, సందేహించేవాడు సముద్ర తరంగం లాంటివాడని. ఆ మాట ఉంది, కాదనను. జ్ఞానం అడుగుతూ మనసు రెండు పడవల మీద పెట్టుకున్నవాడి గురించి అది. వాళ్లు అది చదివినప్పుడు మీరు యూదా పత్రిక 22వ వచనం చదవండి: 'సందేహపడువారిమీద కనికరము చూపుడి.' పల్పిట్ల మీద ఈ వచనం నేను విన్నది చాలా తక్కువ.

ఇప్పుడు నా సంగతి. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. అప్పుడు నేను బైబిలు పాఠశాల విద్యార్థిని. నాలుగో రోజున మా బృందాన్ని అవనిగడ్డ వైపు సహాయానికి పంపారు. తెల్లారి ఆదివారం గుడికి కట్టుకుందామని ఉతికి ఆరేసుకున్న బట్టలు ముళ్లకంపల మీద బురదతో వేలాడుతున్నాయి. మాకిచ్చిన పని శవాలను ఒక చోటికి చేర్చడం. ముక్కుకు కట్టుకోవడానికి గుడ్డలు, కొద్దిగా ఫినాయిలు ఇచ్చారు. రెండో రోజు సాయంత్రం ఒక ముసలమ్మ నా చొక్కా పట్టుకుని అడిగింది: 'అయ్యా, కోవెలా పోయింది, చర్చీ పోయింది. మా ఊళ్లో ఇన్నాళ్లూ ఎవరు ఎవర్ని కాపాడినట్టు?' నేను పాఠశాలలో నేర్చుకున్నదేదో మొదలుపెట్టి, సగంలో ఆపేశాను. అధికారిక లెక్కలోనే దాదాపు పది వేల మంది పోయిన ఉప్పెన అది. నా దగ్గరున్న జవాబు ఒక చావుకు సరిపడేది.

తిరిగి వచ్చాక తరగతిలో 'దేవుని ఏర్పాటు', అంటే అన్నిటినీ దేవుడే నడిపిస్తాడన్న మాట మీద ప్రసంగించే వంతు నాది. లేచి నిలబడ్డాను గాని మాట పెగల్లేదు. మా పెద్ద పంతులుగారు తిట్టలేదు. 88వ కీర్తన చదివి కూర్చోమన్నారు. పద్దెనిమిది వచనాలు. చదువుతూ చివర్లో ఎక్కడో 'అయినను' అని ఒక మలుపు వస్తుందని ఎదురుచూశాను, అలాంటి కీర్తనల్లో చాలావాటిలో వస్తుంది కాబట్టి. రాలేదు. 'చీకటియే నాకు బంధువర్గమాయెను' అనే దగ్గర ఆగిపోయింది. పంతులుగారు 'ఇదీ వాక్యమే, దీన్నీ లోపల పెట్టారు' అని మాత్రం అని, తరువాతి వాడిని పిలిచారు.

అక్కడితో నాకు నయమైపోయిందనుకోకండి. అసలు కష్టం తరువాత వచ్చింది. పట్టా పుచ్చుకుని మొదటి సంఘానికి వెళ్లాక రెండేళ్ల పాటు ప్రతి ఆదివారం నేను నమ్మని మాటలు నమ్మినట్టు చెప్పాను. నమ్మకం తగ్గిన కొద్దీ గొంతు పెరిగింది. ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ మా ఇంటావిడ 'ఈ మధ్య మైకు అక్కర్లేకుండా అరుస్తున్నారు, ఎవరిని ఒప్పించడానికి?' అంది. ఆ రోజు అన్నం ముందు ఏడ్చాను. ఉప్పెన నన్ను దేవుడికి అంత దూరం చేయలేదు, ఆ రెండేళ్ల అరుపులు చేశాయి. ఎందుకంటే ఉప్పెన తరువాత నేను దేవుడితో పోట్లాడుతున్నాను, మాటలైతే ఉన్నాయి. నటించిన రెండేళ్లూ ఆయనతో మాటే లేదు, జనంతోనే.

అందుకే మీకు చెబుతున్నాను. సాక్ష్యం చెప్పమంటే చెప్పకండి. మన సంఘాల్లో ఈ సాక్ష్యాల వ్యవహారం మనిషిని ఇరకాటంలో పెడుతుంది. ఎవరైనా పోయిన ఇంటి మనిషిని నలభై రోజులు తిరగకుండానే మైకు ముందుకు పిలిచి, ఈ శ్రమలో కూడా ప్రభువు ఎంత మేలు చేశాడో చెప్పమంటారు. పిలిచేవాళ్లది చెడ్డ ఉద్దేశం కాదు. అయినా 'ఇప్పుడు నా దగ్గర మాట లేదు, నా కోసం ప్రార్థించండి' అనండి. ఇందులో అబద్ధం లేదు, ఎవరికీ అభ్యంతరమూ ఉండదు. 'నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము' అన్న తండ్రి బిడ్డనే యేసు బాగుచేశాడు, మార్కు 9లో. ఒక్క వాక్యంలో రెండూ చెప్పాడాయన.

ఇంతకీ మీ సందేహం ఎక్కడ పుట్టిందో చూద్దాం. మీరు రెండు విషయాలు రాశారు గాని, నాకు వాటి బరువు ఒకటిగా కనిపించలేదు. మార్కు ప్రతుల సంగతి మూడు వాక్యాల్లో రాశారు. బాబాయి గురించి ఇరవై వాక్యాలు రాశారు. ఆయన ఆఖరి వారం కొబ్బరినీళ్లు కూడా మింగలేకపోయారని, అయినా సాయంత్రం కూటంలో 'స్వస్థపడ్డాను' అని పలికించారని రాశారు. మీకు దెబ్బ తగిలింది అక్కడ.

ఆసుపత్రిలో నేను చూసిన ఒకాయన గుర్తొస్తున్నారు. గొంతు క్యాన్సరు, మాట పోయింది. మంచం చువ్వకు దారంతో పెన్సిలు కట్టి ఉండేది, పక్కన పిల్లల రూళ్ల పుస్తకం. కిటికీ అంచు మీద ప్రార్థన నూనె సీసాలు, ఎవరు తెచ్చింది వాళ్లు పెట్టిపోయేవారు. నేను లెక్కపెడితే తొమ్మిది. ఒక రాత్రి అందరూ వెళ్లాక పుస్తకం నా వైపు తిప్పారు. 'నాకు విశ్వాసం చాలలేదంటున్నారు. నిజమా?' అని రాసి ఉంది. చనిపోతున్న మనిషి మీద రోగం బరువు చాలదని ఈ బరువు కూడా పెట్టారు. నేను ఆ పెన్సిలే తీసుకుని కింద 'కాదు' అని రాశాను. ఆయన దాని కింద గీత గీశారు.

మీ బాబాయి పోయింది ఎవరి విశ్వాసమూ తక్కువై కాదు. ఆయనది కాదు, మీది కాదు, ఉపవాసం మధ్యలో నీరసపడి మజ్జిగ తాగిన మీ పిన్నిది అంతకన్నా కాదు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసేయమని ప్రభువును మూడుసార్లు వేడుకుంటే తీయలేదు. రెండవ తిమోతి చివర్లో 'త్రోఫిము రోగియైనందున అతని మిలేతులో విడిచివచ్చితిని' అని ఉంది. అపొస్తలుడే ఒకాయన్ని జబ్బుతో వదిలి ప్రయాణం సాగించాడు, ఆ ముక్క దాచకుండా రాశాడు. ఇక ప్రవచనం చెప్పిన సేవకుడి సంగతి. ద్వితీయోపదేశకాండము 18:22 చదవండి. చెప్పింది జరగకపోతే అది యెహోవా చెప్పిన మాట కాదు, ఆ ప్రవక్త అహంకారంతో చెప్పాడని ఉంది. మీ కోపంలో కొంత భాగం చిరునామా మారి దేవుడికి వెళుతోందని నా అనుమానం. అది వెళ్లవలసిన మనిషి మార్చి తరువాత మీ ఇంటి గడప తొక్కలేదని మీరే రాశారు.

మార్కు సంగతికి వస్తే, మీరు చదివింది నిజమే. నాలుగో శతాబ్దపు రెండు పెద్ద ప్రతులు, సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి, రెండూ 16:8 దగ్గరే ఆగిపోతాయి. స్త్రీలు భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదు అనే మాటతో. 9 నుంచి 20 వరకు తరువాత చేరినవని ఎక్కువమంది పండితులు అంటారు. యోహానులో వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ కథకూ ఇదే చిక్కు. దావీదు జనసంఖ్య తీసినప్పుడు ఎంచుకోమన్న శిక్షల్లో కరువు రెండవ సమూయేలులో ఏడేళ్లు, మొదటి దినవృత్తాంతాల్లో మూడేళ్లు. మరియ భర్త యోసేపు తండ్రి మత్తయిలో యాకోబు, లూకాలో హేలీ. ఇవన్నీ పాస్టర్ల చదువులో మొదటి సంవత్సరం పాఠాలు. మేము తరగతిలో చదివాము, పరీక్ష రాశాము, పల్పిట్ ఎక్కాక నోరెత్తలేదు. మీరు ఇరవై నాలుగో ఏట ఫోనులో చదివి ఉలిక్కిపడ్డారంటే తప్పు మాది. అక్షరం కదిలితే ఆకాశం కూలుతుందని పిల్లలకు నేర్పినవాళ్లం మేమే. ఆ పన్నెండు వచనాలు లేకపోయినా ఖాళీ సమాధి అలాగే ఉంది, మార్కు కన్నా ముందే పౌలు కొరింథీయులకు రాసిన పత్రికలో పునరుత్థానం మాట ఉంది. మీరు నమ్మాలని ఇది చెప్పడం లేదు. ఆ వచనాల మీద ఏది ఆధారపడింది, ఏది పడలేదు అన్నది సరిగ్గా కొలుచుకోమని చెబుతున్నాను. నన్నడిగితే, పాములను ఎత్తి పట్టుకోవడం, విషం తాగినా హాని కలగకపోవడం ఆ వచనాల్లోనే ఉన్నాయి. అవి మార్కు రాసినవి కాకపోవచ్చంటే నాకు పెద్ద దుఃఖం కలగలేదు.

ఒక జాగ్రత్త. సందేహంలా కనిపించేదంతా సందేహం కాదు. నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. డిగ్రీ చదివే కుర్రవాడొకడు వచ్చి, పరిశుద్ధాత్మను దూషించే మాటలు బుర్రలోకి వాటంతటవే వస్తున్నాయని, వచ్చినప్పుడల్లా 'క్షమించు ప్రభువా' అని ఏడుసార్లు అనకపోతే ఊపిరాడదని చెప్పాడు. అది శోధన అనుకుని ఇంకో మూడు రోజులు ఉపవాసం ఉండమన్నాను. వాడు ఇంకా చిక్కిపోయాడు, ఏడు సార్లు కాస్తా డెబ్బై అయ్యాయి. ఆరు నెలల తరువాత వాళ్ల మేనమామ మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళితే, ఇది తెలిసిన జబ్బే, మందులున్నాయి అన్నారట. మందులతో కుదుటపడ్డాడు. నేను ఆ ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. మీకు వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సయించకపోయినా, బతకాలనిపించకపోయినా అది వాక్యంతో తేలే విషయం కాదు. వైద్యుడిని కలవండి. ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన మానమని కాదు, మందు కూడా వేసుకోమని.

మీరు ప్రస్తావించని సంగతి ఇంకొకటి. కుల ధ్రువపత్రంలో ఒక మతం, ఆదివారం ఒక మతం అని కొందరు పిల్లలు ఇలాంటి సమయంలోనే కుమిలిపోతుంటారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, మనల్ని చేర్చలేదు. మన తెలుగు రాష్ట్రాల్లో వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషను. చదువు కోసం తండ్రి రాయించిన కాగితం చూసి, నేను మొదటి నుంచీ అబద్ధంలోనే ఉన్నాను కాబట్టి నా విశ్వాసమూ అబద్ధమే అనుకున్న పిల్లలు నా దగ్గరికి వచ్చారు. అది న్యాయస్థానాల్లోనూ పార్లమెంటులోనూ తేలవలసిన తగవు. మీలో ఆ ముల్లు ఉంటే, దాన్ని దీనితో కలపకండి.

ఆదివారం బడి. ఈ వారమే మానేయకండి, అలాగని నమ్మనిది చెప్పకండి. పిల్లలకు కథ చెప్పడానికి మీ విశ్వాసం నిండుగా ఉండనక్కర్లేదు. తప్పిపోయిన కుమారుడి కథ చెప్పండి, రూతు కథ చెప్పండి, అవి మీ సందేహం కన్నా పాతవి, తట్టుకుంటాయి. ప్రార్థిస్తే జబ్బు తప్పక పోతుంది అనే పాఠం వస్తే మాత్రం ఆ వారం సెలవు పెట్టండి. ఎవరైనా పిల్ల 'అక్కా, మరి మీ బాబాయి?' అని అడిగితే 'నాకూ తెలియదమ్మా' అనండి. నా అనుభవంలో, తెలియదన్న టీచరును పిల్లలు మరచిపోరు. మూడు నెలలు చూసి, గొంతు పెరుగుతోందని తోస్తే అప్పుడు పెద్దలకు చెప్పి తప్పుకోండి.

అమ్మకు చెప్పండి, కాని ఫోనులో వద్దు. ఇంటికి వెళ్లినప్పుడు, పొద్దున్నే పనిలో చేయి కలిపి, కూర తరుగుతూనో బట్టలు మడతపెడుతూనో. 'నేను నమ్మడం లేదు' అని మొదలుపెడితే ఆవిడకు వినిపించేది 'నేను నరకానికి పోతున్నాను' అని. 'అమ్మా, బాబాయి పోయిన దగ్గర నుంచి ప్రార్థన చేయలేకపోతున్నాను' అనండి, మీకు జరిగింది అదే కదా. ఆవిడ ముందు సాతాను శోధన అంటుంది. ఆ మాటకు ఉడుక్కోకండి. ఆ తరం వాళ్లకు భయాన్ని చెప్పుకోవడానికి ఉన్న మాట అది. రెండో రోజో మూడో రోజో తనకూ అలాగే ఉందని ఒప్పుకున్నా ఆశ్చర్యపోకండి. పోయినాయన ఆవిడకు మరిది.

చివరికి మీరు బయటికే వెళ్లిపోతే? వెళ్లినవాళ్లు ఉన్నారు. ఒక కుర్రవాడు, ఇప్పుడు నలభై దాటిన ఇంజనీరు, నా చేతులతో బాప్తిస్మం ఇచ్చినవాడు, నిదానంగా ఆలోచించుకుని వెళ్లిపోయాడు. క్రిస్మసుకు కేకు పంపుతాడు, నా కంటి ఆపరేషనుకు కారులో తీసుకెళ్లాడు. అతని కోసం రోజూ ప్రార్థిస్తానని అతనికి తెలుసు, వద్దనడు. నాకేమో విశ్వాసం తిరిగి వచ్చింది, కాని పోయినంత పెద్దది రాలేదు. అప్పట్లో ప్రతిదానికీ జవాబుండేది. ఇప్పుడున్నది శవం పక్కన కూర్చోవడానికి సరిపోతుంది. ఎలా వచ్చిందంటే చెప్పలేను. ఆ రోజుల్లో నేను మానని పనులు రెండే, రోగుల దగ్గరికి వెళ్లడం, మట్టి చేయడం.

కార్డు సంగతి. అవి ఎలా తయారవుతాయో మీకు చెప్పాలి, ఇన్నేళ్లు చేసినవాణ్ని. డిసెంబరు రెండో వారంలో నేనూ మా ఇంటావిడా కూర్చుని వచనాలు ఏరేవాళ్లం. మంచివే ఏరేవాళ్లం, ఎవరి చేతికీ చేదు రాకూడదని. ప్రెస్సు నుంచి పెద్ద షీట్లు వస్తే కత్తెరతో ముక్కలు చేసి, స్టీలు పళ్లెంలో కలిపి, మీద గుడ్డ కప్పేవాళ్లం. ఒక్కో వచనం పాతిక ముప్పై కార్డుల మీద ఉండేది. 88వ కీర్తన ఎన్నడూ వేయలేదు. ఒక ఏడాది, దీర్ఘాయువు వాగ్దానం తీసిన తండ్రికి జనవరిలోనే నేనే మట్టి చేయవలసి వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం నుంచి మా సంఘంలో పళ్లెం పెట్టలేదు, పెద్దలతో మాట పడ్డాను.

కాబట్టి చించేస్తే పాపం కాదు. అది కాగితం, మాలాంటి వాళ్లు కత్తెరతో కోసింది. కాకపోతే అది ఆయన బైబిలులోనే ఉందని రాశారు, ఆ బైబిలు ఇప్పుడు మీ పిన్ని తలగడ పక్కన ఉందనీ రాశారు. చించే ముందు ఆవిడను ఒక్క మాట అడగండి.